దేవుడు చూసుకుంటాడని నమ్మినవాళ్లు తమ అవసరం బయటికి చెప్పకూడదా?

వందనాలు తమ్ముడూ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. విశాఖలో గాజువాక వైపు ఒక కాంట్రాక్టర్ కింద పని చేసేవారు, నాలుగు నెలలుగా పని లేదు. ఇద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. మీ ఆవిడేమో "దేవుడు చూసుకుంటాడు, ఎవరి దగ్గరా నోరు తెరవొద్దు, తెరిస్తే విశ్వాసం లేనట్టే" అంటున్నారు. మీరేమో ఆవిడకి తెలియకుండా ఐదు రూపాయల వడ్డీకి యాభై వేలు తెద్దామా అని చూస్తున్నారు. ఈలోగా టీవీలో ఎవరో బోధకుడు పది వేలు విత్తనంగా పంపితే నూరంతలు తిరిగొస్తుందన్నాడు. వీటిలో ఏది విశ్వాసం, ఏది తెలివితక్కువతనం అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. ఆ పది వేలు పంపకండి. ఐదు రూపాయల వడ్డీ జోలికి పోకండి. మీ ఇంటి పరిస్థితి వచ్చే ఆదివారం లోపు కనీసం ఇద్దరికి నోరు తెరిచి చెప్పండి. ఈ మూడూ చేస్తూనే దేవుణ్ణి నమ్మొచ్చు. నా అనుభవంలో మూడోది చేయడానికే ఎక్కువ విశ్వాసం కావాలి.

నేనెవరో కూడా చెప్పాలి, లేకపోతే ఈవిడకేం తెలుసు అనిపిస్తుంది. నాకు అరవై రెండేళ్లు. బి.కాం. చదివి, ఒక కో-ఆపరేటివ్ సొసైటీలో గుమస్తాగా చేసి మానుకున్నాను. 2006 నుంచి మా చర్చిలో సహాయ నిధి లెక్కలు రాసేది నేనే. ఎవరింట్లో బియ్యం నిండుకున్నాయో, ఎవరి పిల్లాడి ఫీజు ఆగిపోయిందో, ఎవరు అడగలేక వెనక బెంచీలో కూర్చుని చివరి పాట అవకుండానే చెప్పులేసుకుని వెళ్లిపోతారో నా నోటుబుక్కులో ఉంటుంది. పేర్లు రాయను, ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రం రాసుకుంటాను.

అంతకుముందు ఆ వెనక బెంచీలో నేనూ కూర్చున్నాను లెండి. 1997లో కంచరపాలెంలో వరస ఇళ్లలో చివరి వాటా మాది. మా వారు వెల్డింగ్ పని చేసేవారు. పనిలో కుడిచెయ్యి విరిగింది. పనికి పెట్టుకున్నాయన ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, మళ్లీ కనబడలేదు. పాపకి నాలుగేళ్లు. మూడో నెలకొచ్చేసరికి బియ్యం డబ్బాలో గ్లాసు ముంచితే అడుగు రేకు తగిలి గర్రుమనేది. ఆ చప్పుడు పక్కింటికి వినిపిస్తుందేమోనని డబ్బాని దుప్పటి మీద పెట్టుకుని తీసేదాన్ని. ఒక పూటే వండుకునే రోజులొచ్చాయి. రెండో పూట ఏం చేసేదాన్నంటే, కుక్కర్లో ఉత్త నీళ్లు పోసి కిరసనాయిల్ స్టవ్ మీద పెట్టి నాలుగు విజిల్స్ రానిచ్చేదాన్ని. గోడకి అవతల వాళ్లు "వీళ్లింట్లో వంట అయింది" అనుకోవాలి గదా. కొనుక్కోవడానికి డబ్బుల్లేని కిరసనాయిల్, నీళ్లు మరిగించడానికి తగలేశాను. ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది, అప్పుడు రాలేదు.

మార్గశిర మాసం. పక్కింటి అత్త ప్రతి గురువారం బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి వెళ్లొచ్చేది. ఒక గురువారం మధ్యాహ్నం క్యారేజీ గిన్నె పట్టుకుని మా గుమ్మంలో నిలబడింది. "ఏటమ్మా, రోజూ విజిల్స్ వినబడతన్నాయి గానీ మీ ఇంట్లోంచి పోపు వాసన రాదేటి?" అంది. నాకు మాట రాలేదు. గిన్నె చేతిలో పెట్టేసి, "గుడిది కాదులే, ఇంట్లో వండిందే. మీరు ప్రసాదం తినరు గదా" అని వెళ్లిపోయింది. మూత తీస్తే అన్నం, ఆనపకాయ పప్పు. పాప వేళ్లు నాకడం చూసి నేను స్నానాల గదిలోకి వెళ్లి ఏడ్చాను.

అప్పటికి పదకొండు రోజులుగా ప్రార్థన చేస్తున్నాను, ప్రభువా ఎవర్నైనా పంపు అని. ఆ పదకొండు రోజులూ, ఎవరికీ తెలియకుండా కుక్కర్ మోగించింది కూడా నేనే. దేవుడు ఎవర్ని పంపుదామన్నా వాళ్లకి దారి లేకుండా చేశాను. దానికి నేను పెట్టుకున్న పేరు విశ్వాసం. అసలు పేరు పరువు.

మీ ఆవిడ బైబిలు బాగా చదువుతారని రాశారు కాబట్టి, ఆవిడతో కలిసి రాజుల రెండవ గ్రంథం నాలుగో అధ్యాయం మొదటి ఏడు వచనాలు చదవండి. మీ ఇంటి కథే. భర్త పోయాడు, అప్పు మిగిలింది, అప్పులవాడు ఇద్దరు కొడుకుల్ని దాసులుగా పట్టుకుపోవడానికి వచ్చాడు. ఆమె ఎలీషా ప్రవక్త దగ్గరికెళ్లి మొరపెట్టుకుంది, అంటే నోరు తెరిచింది. ఆయన అడిగిన మాట చూడండి, నీ ఇంట్లో ఏముంది అని. కొంచెం నూనె తప్ప ఏమీ లేదంది. అయితే వెళ్లి ఇరుగుపొరుగు వాళ్లందరి దగ్గరా ఖాళీ పాత్రలు అరువు తెచ్చుకో, కొద్దిగా కాదు, అన్నాడు. తలుపేసుకుని నూనె పోయడం తర్వాత సంగతి. ముందు ఆ వీధిలో ప్రతి గుమ్మం ఎక్కాలి. ఖాళీ బిందెలు ఎందుకమ్మా అని అందరూ అడిగే ఉంటారు. పాత్రలు అయిపోగానే నూనె ఆగిపోయింది. ఆ నూనె అమ్మి ముందు అప్పు తీర్చమన్నాడు, మిగిలినదాంతో బతకమన్నాడు. లెక్కలు రాసేదాన్ని కాబట్టి నాకు ఆ వరస చాలా నచ్చుతుంది.

"నీ ఇంట్లో ఏముంది" అన్న ప్రశ్న మా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబాన్నీ అడుగుతాను. నాలుగేళ్ల కిందట ఒకతను ఆరు వారాలు ఉపవాస ప్రార్థనలకి వచ్చాడు, కళ్లు లోపలికి పోయాయి. మీలాగే కాంట్రాక్టు పని. జీతం చీటీలో పీఎఫ్ కోత ఉండేదా అని అడిగితే, "ఏదో పట్టుకునేవారండీ" అన్నాడు. మా చర్చి కుర్రాడు ఫోన్లో అతని యూఏఎన్ నంబరు (పీఎఫ్ ఖాతా నంబరు) కొట్టి చూస్తే ముప్పై ఎనిమిది వేల చిల్లర ఉంది. అతని డబ్బే, అతని పేరు మీదే, అతనికే తెలీదు. మీది చూసుకున్నారా? రేషన్ కార్డు సంగతి కూడా. జాతీయ ఆహార భద్రత కింద ఉన్న కార్డులకి 2023 జనవరి నుంచి మనిషికి నెలకి 5 కిలోల బియ్యం ఉచితం, మీ నలుగురికి 20 కిలోలు. ఆ బియ్యం తినలేమని కిలో ఇంతకని అమ్మేసుకుని, మళ్లీ దేవుడు పోషించాలని ప్రార్థన విన్నపాల్లో రాసేవాళ్లు మా సంఘంలోనూ ఉన్నారు. వాళ్లని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలీదు.

వడ్డీ సంగతి. ఐదు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకి ఐదు, ఏడాదికి అరవై. యాభై వేలకి నెలకి 2,500. ఏడాది తిరిగేసరికి వడ్డీయే 30,000 కడతారు, అసలు యాభై వేలూ అలాగే ఉంటాయి. అదే బంగారం బ్యాంకులో పెడితే, రేటు బ్యాంకుని బట్టి మారినా, నూటికి నెలకి రూపాయికి అటూ ఇటూగా పడుతుంది. మీ ఆవిడ దగ్గర రెండు గాజులున్నాయన్నారు. అమ్మొద్దు, ఊరి వడ్డీ వ్యాపారి దగ్గర పెట్టొద్దు. తప్పదనుకుంటే బ్యాంకులో, ఆవిడకి చెప్పి, అవసరమైనంత వరకే పెట్టండి. చెప్పకుండా పెట్టిన గాజు గురించి ఇంట్లో వచ్చే గొడవకి ఏ బ్యాంకూ విడుదల రసీదు ఇవ్వదు. ఫోన్లో వచ్చే లోన్ యాప్‌ల జోలికి అసలు పోవద్దు. ఇప్పటికే పోయి ఉంటే, వాళ్లు ఫోటోలు పంపి బెదిరిస్తుంటే, 1930కి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి, సిగ్గుపడొద్దు.

విత్తనం కానుక గురించి నాకు కొంచెం కోపం ఉంది, కాబట్టి మాట గట్టిగా వస్తే క్షమించండి. అలా చెప్పేవాళ్లు మలాకీ 3:10 చూపిస్తారు, దశమభాగం తెండి, ఆకాశపు వాకిళ్లు తెరుస్తాను అని. ఆ వచనంలోనే దశమభాగం ఎందుకో ఉంది: మందిరంలో ఆహారం ఉండటానికి. ఆ ఆహారం ఎవరికో ద్వితీయోపదేశకాండం 14వ అధ్యాయం చివర ఉంది: మూడేళ్లకోసారి ఆ భాగాన్ని ఊళ్లోనే ఉంచి లేవీయులు, పరదేశులు, తండ్రిలేనివాళ్లు, విధవరాళ్లు తిని తృప్తిపడాలి. అంటే ఇచ్చే వరస ఒకటుంది, పుచ్చుకునే వరస ఒకటుంది. ఈ ఏడాది మీరు రెండో వరసలో ఉన్నారు. పని దొరికాక మొదటి వరసలోకి వస్తారు, అప్పుడు మనసారా ఇవ్వండి. పేద విధవరాలు రెండు కాసులు వేసిందిగా అంటారేమో. మార్కు 12లో ఆ కథకి సరిగ్గా ముందు వచనాలు చదవండి, విధవరాండ్ర ఇళ్లు దిగమింగుతూ మాయవేషంగా దీర్ఘ ప్రార్థనలు చేసేవాళ్ల గురించి ప్రభువు ఏమన్నాడో. రెండూ పక్కపక్కనే ఉన్నాయి.

ఇక మీ ఆవిడ మాట. దాన్ని కొట్టిపారేయలేను. ఆవిడ ఎక్కడో జార్జ్ ముల్లర్ సాక్ష్యం విని ఉంటారు, మన సభల్లో ఆయన పేరు చెప్పని బోధకుడు లేడు. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1836లో అనాథ పిల్లల కోసం ఇల్లు మొదలుపెట్టాడు, 1898లో చనిపోయేలోపు పది వేల మంది దాకా పిల్లల్ని పెంచాడు, ఎవరినీ చెయ్యి చాపి అడగలేదు. నిజమే. అయితే రెండు సంగతులు సభల్లో చెప్పరు. ఆయన అప్పు ముట్టలేదు, సరుకు అరువు కూడా వద్దనుకున్నాడు. రెండోది, ఏ ఏటికాయేడు వచ్చినది, ఖర్చయినది అణా పైసలతో సహా అచ్చు వేయించేవాడు. అన్ని వందల మంది పిల్లలు ఆయన ఇళ్లలో ఉన్నారని ఊరంతటికీ తెలుసు. ఆయన ఖాళీ కుక్కర్ మోగించలేదు. ఆయనకి ఆ పిలుపు వచ్చింది, మీకు రాలేదు అని నేను అనను. కానీ ఇంట్లో ఒకరు అడగనని ఒట్టేసుకుని, ఇంకొకరు రహస్యంగా వడ్డీకి తిరుగుతుంటే, ఆ ఇంట్లో ముల్లర్ విశ్వాసం ఎవరికీ లేనట్టే. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు, ప్రభువు కూడా అడుగుడి అనే చెప్పాడు.

ఫిలిప్పీ 4:19 మీ గోడ మీద క్యాలెండర్‌లో ఉందన్నారు, దేవుడు మీ ప్రతి అవసరం తీర్చును అని. మంచి వాగ్దానం. పౌలు అది రాసింది ఖైదులో, ఫిలిప్పీ సంఘంవాళ్లు ఎపఫ్రొదితు చేత పంపిన సహాయం అందాక. అంటే ఆ వచనమే ఒక రసీదు లాంటిది, మనిషి చేత వచ్చినదానికి. ఏడు వచనాల ముందు, ఆకలి కూడా నేర్చుకున్నానని రాశాడు. కాబట్టి ఆకలి వస్తే వాగ్దానం తప్పినట్టు అనుకోవద్దు.

ఏలీయా ప్రవక్త కథలో నాకు ఎప్పుడూ తట్టే చోటు ఇంకోటి. కెరీతు వాగు దగ్గర కాకోలాలు రొట్టె, మాంసం తెచ్చేవి. మన కాకి జాతే, ధర్మశాస్త్రం ప్రకారం తినకూడని పక్షి. కొన్నాళ్లకి ఆ వాగు ఎండిపోయింది. దేవుడు చూపించిన వాగే ఎండిపోయింది. తర్వాత పంపింది సీదోను దేశంలో సారెపతుకి, పరాయి మతం ఊళ్లో ఒక విధవరాలింటికి. అక్కడ కూడా తొట్టిలో పిండి నిండలేదు, అయిపోలేదు అంతే. మా పక్కింటి అత్తకి ఈ కథ చాలా ఏళ్ల తర్వాత చెప్పాను. "అయితే నేను కాకినా?" అని పగలబడి నవ్వింది. కాదత్తా, నువ్వు సారెపతావిడవి అన్నాను. "అదెక్కడ, బొబ్బిలి అవతలా?" అంది.

మీ కాంట్రాక్టు పని ఎండిన వాగు అనుకోండి. ఆ గేటు దగ్గరే రోజూ నిలబడి చూడటం నాలుగు నెలలు చేశారు, ఇంక చాలు.

జాలరిపేటలో మా సంఘం సహోదరి ఒకామెని చూసి నేను చాలా నేర్చుకున్నాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లకి వేట నిషేధం. ఆమెకి ఆ రెండు నెలలు డబ్బులు రావని ఎవరూ చెప్పక్కర్లేదు. మార్చిలోనే రెండు బస్తాల బియ్యం కొంటుంది, నెత్తళ్లు ఎండబెట్టి డబ్బాలకెత్తుతుంది, సర్కారు ఇచ్చే భృతి (2025లో పది వేల నుంచి ఇరవై వేలు చేశారు) వచ్చేదాకా చీటీ డబ్బు ముట్టదు. రోజూ తెల్లారి ప్రార్థన మానదు. ఆమెని ఎవరూ అవిశ్వాసి అనరు. యోసేపు ఐగుప్తులో ఏడేళ్లు ఐదో వంతు ధాన్యం దాచిన పద్ధతే. అయితే 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని నలభై దాకా బోట్లు కాలిపోయాయి, అందులో వాళ్లాయన పని చేసే బోటు ఉంది. దానికి ముందుచూపు ఎక్కడినుంచి వస్తుంది? ఆమె మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, మెట్ల మీద కూర్చుని, "అక్కా, ఈసారి నాకు కావాలి" అంది. ఆ ఒక్క మాటే. అప్పటిదాకా ప్రతి నెలా నిధికి యాభై రూపాయలు ఇచ్చే మనిషి.

మీకు అబద్ధం చెప్పను, అన్నిసార్లూ తీరదు. 2019లో ఒక కుటుంబానికి ఆపరేషన్ డబ్బు కోసం మేమంతా మోకాళ్ల మీద ఉన్నాం, చందాలు వేసుకున్నాం, తిరగని ఆఫీసు లేదు. ఆలస్యమైంది. ఆయన పోయాడు. ఆవిడ అనకాపల్లి దగ్గరి స్థలం అమ్మి ఆసుపత్రి అప్పు తీర్చింది. ఆ రోజు సమాధి దగ్గర ఎవరో "దేవుని చిత్తం" అంటే నేను అక్కడినుంచి లేచి వచ్చేశాను. దానికి నా దగ్గర జవాబు లేదు. ఆ పేజీ నా నోటుబుక్కులో కొట్టివేత లేకుండా అలాగే ఉంది. ఆవిడ మాత్రం ఇప్పటికీ చర్చికి వస్తుంది, ఎందుకొస్తున్నావని నేను అడగలేదు.

మీరు చివర్లో ఒక వాక్యం రాశారు, "ఒక్కోసారి నేను లేకపోతే వీళ్లకే నయం అనిపిస్తోంది" అని. దాన్ని నేను దాటేయను తమ్ముడూ. ఆ ఆలోచన వచ్చిన రోజు ప్రార్థనతో పాటు 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, ప్రభుత్వానిది, డబ్బులు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు. మీ ఆవిడకి కూడా ఈ రాత్రే ఈ మాట చెప్పండి. మిగతావన్నీ రేపు చూసుకోవచ్చు.

ఇక ఎవరికి చెప్పాలి అంటారా? అందరికీ కాదు. వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు, అక్కడ చేతులు జోడించిన బొమ్మలు తప్ప ఏమీ రావు. ఒకరు మీ చర్చి పాస్టరు అయ్యగారు. ఇంకొకరు పని సంగతి తెలిసిన మనిషి: పాత మేస్త్రీయో, ఫిట్టరో, ఆటోనగర్‌లో షెడ్డున్న తెలిసినాయనో. చెప్పేటప్పుడు "ప్రార్థన చేయండి" అని మాత్రమే చెప్పి ఊరుకోవద్దు, లెక్క చెప్పండి. అద్దె ఇంత, ఫీజు ఇంత, ఏ పనులు వచ్చు, ఏ తేదీలోపు కావాలి. "కష్టంగా ఉందండీ" అని వచ్చినవాళ్లకి ఏం చేయాలో మాకూ తోచదు. "పదో తారీఖుకి అద్దె నాలుగున్నర వేలు, నా దగ్గర పదిహేను వందలున్నాయి" అన్నవాళ్లకి దారి దొరుకుతుంది, సగం సార్లు ఆ సాయంత్రానికే.

కొందరు సాయం చేస్తూ నాలుగు మాటలు అంటారు, అది కూడా ముందే చెప్పాలి. "ఉన్నప్పుడు దాచుకోవాల్సింది" అంటారు. నాకూ అన్నారు. బియ్యం తీసుకున్నాను, మాట అక్కడే వదిలేశాను.

మా చర్చిలో పిడికెడు బియ్యం అని ఒక అలవాటుంది. ప్రతి ఇల్లాలూ వండేముందు ఒక పిడికెడు పక్కన తీసిపెట్టి, ఆదివారం తెచ్చి తలుపు పక్కన డ్రమ్ములో పోస్తుంది. సోనా మసూరి, రేషన్ బియ్యం, దంపుడు బియ్యం అన్నీ కలిసిపోతాయి. వండితే సగం మెత్తబడుతుంది, సగం పలుకుగా ఉంటుంది, ఎసరు ఎంత పోయాలో ఇన్నేళ్లయినా నాకు కుదరలేదు. 2014 అక్టోబరు 12 ఆదివారం హుద్‌హుద్ తుఫాను వచ్చి, ఆరాధన లేదు, ఊళ్లో కరెంటు లేదు, పాల ప్యాకెట్టు దొరకలేదు. ఆ వారమంతా మా వీధిలో మూడు మతాలవాళ్లం ఆ డ్రమ్ము బియ్యమే గంజి కాచుకుని తాగాం. ఎవరూ పలుకు గురించి మాట్లాడలేదు.

మీ చర్చిలో అలాంటిది ఉందో లేదో కనుక్కోండి, చాలా చోట్ల ఏదో ఒక పేరుతో ఉంటుంది. ఆరాధన అయ్యాక వెళ్లండి, మీ ఆవిడని కూడా తీసుకెళ్లండి. సంచి మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి, కొంచెం పెద్దది. మా దగ్గరైతే బియ్యం ఉంటాయి గానీ సంచులు ఎప్పుడూ చాలవు.